కాలువ గట్టు మీద ఆరిన కాగితాలు

నా దవడ విరిగిన రోజు మధ్యాహ్నం నేను తూము దగ్గర కూర్చుని తేనెటీగల పెంపకం గురించి చదువుతున్నాను. నాకు తేనెటీగలు లేవు. పెంచుదామన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. మిర్యాలగూడలో పాత కాగితాలు తూకానికి కొనే దుకాణం ఒకటి ఉండేది. బజారుకు పోయినప్పుడల్లా అక్కడి కుప్పలో చెయ్యి పెట్టి ఏది దొరికితే అది తెచ్చుకునేవాణ్ణి. చివరి పేజీలు చిరిగిపోయిన డిటెక్టివ్ నవల, నక్షత్రాల గురించి ఒక పుస్తకం, ఎవరో ఎవరికో పెళ్లి కానుకగా సంతకం చేసి ఇచ్చిన వంటల పుస్తకం. అన్నీ ఒక రేకు పెట్టెలో దాచుకునేవాణ్ణి.

నేను లష్కరును. నందికొండ డ్యాము నుంచి వచ్చే ఎడమ కాలువకు చీలిన ఒక చిన్న కాలువ మీద షట్టర్లు ఎత్తడం, దించడం నా పని. షట్టర్ పక్కనే ఒంటి గది ఉంది. అందులో నేనూ నా భార్యా ఉండేవాళ్లం. పిల్లలు లేరు. పొద్దున్నే నీటి మట్టం చూసి నోటుబుక్కులో రాసేవాణ్ణి. కొట్టుకొచ్చిన కొమ్మలు, చెత్త తీసేసేవాణ్ణి. గండి పడేలా ఉన్న జాగాల్లో మట్టి వేసేవాణ్ణి. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, నీళ్లలోకి కాళ్లు వేలాడేసుకుని పుస్తకం తెరిచేవాణ్ణి. నా భార్య రెండో తరగతితో బడి మానేసింది. అంకెలు బాగా వచ్చు, అక్షరాలు సగం మరిచిపోయింది. పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, “ఏం రాసిన్రు అందుల?” అని అడిగేది. చెప్పేవాణ్ణి. అంతకన్నా పెద్ద సుఖం నాకు తెలియదు.

మేమిద్దరం మర్రిగూడ వైపు వాళ్లం. అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి మా బాపుకు నలభై ఏళ్లకే నడుం వంగిపోయింది. తల ఎత్తి ఎదుటి మనిషి ముఖం చూడలేకపోయేవాడు. ట్యాంకరు వచ్చిన రోజు ఊళ్లో కొట్లాట తప్పేది కాదు. ఒకసారి పక్కింటామె ఇత్తడి బిందెతో మా అమ్మ నుదుటి మీద కొట్టింది. అమ్మ రక్తం తాను నింపుకున్న నీళ్లలోనే కారింది. ఆ నీళ్లు పారబొయ్యడానికి అమ్మకు మనసొప్పలేదు, బర్రెకు పెట్టింది. అప్పుడు నాకు పదేళ్లు ఉంటాయి. రాయి తీసుకుని పక్కింటామె కొడుకు తల పగలగొట్టాను. బాపు నన్ను కొడతాడనుకున్నాను. వంగిన నడుముతోనే నా దగ్గరకు వచ్చి, “మంచిగ చేసినవ్ బిడ్డా” అన్నాడు. నేను అలా పెరిగినవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఏడాది వానలు సరిగా పడలేదు. డ్యాములో నీళ్లు అడుగంటాయి. యాసంగి పంటకు వంతులు పెట్టారు. ఒక వారం పై ఊరికి, ఒక వారం కాలువ చివరనున్న కింది ఊరికి. వంతు కానప్పుడు పై ఊరి తూములకు తాళాలు వేసి, తాళంచెవులు మొలతాడుకు కట్టుకునేవాణ్ణి. ఆ రోజు కింది ఊరి వంతులో రెండో రోజు. నీళ్లు ఇంకా చివరి పొలాలకు చేరనే లేదు.

ఎనిమిది మంది వచ్చారు. అందరూ పై ఊరి రైతులే. ముఖాలు చూసినవే గానీ, నాకు పేరుతో సహా తెలిసింది ఒక్కాయనే. ఆయన పొలం మా గదికి ఆనుకుని ఉంటుంది. పొద్దున పొలానికి వస్తూ మా గడప దగ్గర ఛాయ్ తాగేవాడు. నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. నా భార్యను బిడ్డా అని పిలిచేవాడు.

ఆయనే ముందుకు వచ్చి మాట్లాడాడు.

“అల్లుడా, జర తాళంచెవి ఇయ్యి. పొట్ట మీదున్న వరి ఎండిపోతాంది. ఒక్క పూట ఇడువు, మళ్ల నువ్వే బంద్ చేసుకో.”

“ఇయ్యాల కిందోళ్ల వంతు మామా. వాళ్లకు ఇంకా సుక్క చేరలే.”

“నాకు తెల్వదా? గందుకే ఒక్క పూట అంటున్న.”

“నా చేతుల లేదు మామా. ఐదు దినాలు ఓపిక పట్టున్రి.”

వెనక నుంచి ఎవరో, “వీనితోని ముచ్చట్లేంది” అన్నారు.

నేను పుస్తకం మూసి లేచాను. ఎండ కళ్లలో కొడుతోంది. ఎడమ వైపు నుంచి ఏదో వేగంగా వచ్చింది. అది షట్టర్ తిప్పే ఇనుప రాడ్డు అని తర్వాత తెలిసింది. ఎండిన కందికట్టె విరిచినట్టు ఒక చప్పుడు నా తల లోపలే వినిపించింది. నోట్లో రాళ్లు ఉన్నట్టనిపించి ఉమ్మేశాను. రాళ్లు కావు, పళ్లు. రెండో దెబ్బ భుజం మీద పడింది. కింద పడ్డాక కాళ్లతో తన్నారు. డొక్కలో, వీపు మీద, మళ్లీ డొక్కలో. ఎవరిదో మడమ నా చెవి మీద మోపి తలను మట్టిలోకి నొక్కింది. మొలతాడు తెంపి తాళంచెవులు తీసుకున్నారు.

నా భార్య గదిలోంచి రోకలి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఒకడు ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఇంకొకడు గదిలోకి పోయి, లోపల ఏముందో చూడకుండానే రేకు పెట్టె ఎత్తుకొచ్చి కాలువలోకి విసిరాడు. మూత తెరుచుకుంది. పుస్తకాలు రెక్కలు చాచుకుని నీళ్ల మీద తేలుతూ పోవడం నేను నేల మీద పడి ఒక కంటితో చూశాను. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

నల్లగొండ దవాఖానలో పది రోజులున్నాను. కింది దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్లకూ కింది పళ్లకూ కలిపి తీగలు బిగించారు. నెలన్నర దాకా నోరు తెరవకూడదన్నారు. పెదవుల సందులోంచి పైపుతో జావ పీల్చుకోవాలి. మాట లేదు. ఏదైనా చెప్పాలంటే నోటుబుక్కులో రాసి చూపించాలి.

గదికి తిరిగి వచ్చిన రోజే కింది ఊరి రైతులు నలుగురు వచ్చారు. ఒకతని భుజాన యూరియా సంచి ఉంది. చెత్త ఆపే జాలీ దగ్గర నా పుస్తకాలు చిక్కుకుంటే ఏరుకొచ్చారట. బురద వాసన కొడుతూ, ఉబ్బిపోయి, ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. నా భార్య ఆ ముద్దలను గట్టు మీద పెట్టుకుని, ఒక్కో కాగితం విడదీసి, పరిచి, గాలికి పోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టడం మొదలుపెట్టింది. నేను నులక మంచం మీద పడుకుని చూస్తున్నాను.

సంచి తెచ్చినతను మంచం పక్కన కూర్చున్నాడు.

“మా వంతు నీళ్లు గుంజుకున్రు. మా వరి ఎండిపోయింది. మా కోసమే నువ్వు దెబ్బలు తిన్నవ్. రాడ్డు పట్టినోడు ఎవడో చెప్పు అన్నా. మిగిలింది మేం చూసుకుంటం.”

నోటుబుక్కు, పెన్ను నా చేతిలో పెట్టాడు.

నేను చూడలేదు. ఎండ కళ్లలో ఉంది. దెబ్బ పక్క నుంచి వచ్చింది, మామ నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ మాత్రం ఆలోచించడానికి ఎంతోసేపు పట్టదు. నేను ఆలోచించలేదు. మా గడపలో అన్ని రోజులు ఛాయ్ తాగిన మనిషి నన్ను తంతుంటే ఆపలేదన్నది ఒక్కటే నా తలలో తిరుగుతోంది. తీగల మధ్య నుంచి నా ఊపిరి బుసలాగా వస్తోంది. నోటుబుక్కులో మామ పేరు రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా.

నా భార్య గట్టు మీద నుంచి లేచి వచ్చింది. “నువ్వు చూసినవా?” అని అడిగింది.

తలూపాను.

మర్నాడు సాయంత్రం వాళ్లు మామను పొలంలోనే పట్టుకున్నారు. గదిలో పడుకున్న నాకు అరుపులు వినిపించాయి. మొదట తిట్లు, తర్వాత దెబ్బల చప్పుడు. ఆ తర్వాత మనిషి గొంతులా లేని ఒక కేక. నా భార్య చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. నేను లేవలేదు. ఇన్నేళ్ల తర్వాత దాచి ఏం లాభం, ఆ కేక వింటుంటే నాకు సంతోషమైంది. ఒళ్లంతా వెచ్చబడింది. పుస్తకం చదువుతుంటే ఎన్నడూ కలగనంత గట్టిగా కలిగింది ఆ సంతోషం. ఇంకా కొట్టాలె అనుకున్నాను.

ఆమె తిరిగొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. చీర మోకాళ్ల దాకా రక్తం. గోడకు తగిలిన దెబ్బకు ఆమె నుదుటి మీద కట్టిన కట్టు ఇంకా విప్పనే లేదు. బకెట్లో చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

“రెండు కాళ్లు ఇరగ్గొట్టిన్రు. ఒక కాలుకు బొక్క బయటికొచ్చింది. నేనే పట్టి ట్రాలీల పండవెట్టిన. నా చెయ్యి ఇడువలే. రాడ్డు నా చేతుల లేకుండె బిడ్డా అన్నడు. గదొక్కటే మాట అన్నడు.”

నేను గోడ వైపు తిరిగాను.

“నువ్వు నిజంగ చూసినవా?”

మంచం పక్కన జావ ఉన్న స్టీలు గిన్నె ఉంది. దాన్ని తీసి బలం కొద్దీ ఆమె మీదికి విసిరాను. గిన్నె అంచు ఆమె కనుబొమ్మ మీద తగిలింది. జావ, రక్తం కలిసి చెంప మీదుగా కారాయి. ఆమె కొంగు అదిమి పట్టుకుని గడప మీద కూర్చుంది.

“వాళ్లు నిన్ను కొట్టిన్రు. నువ్వు ఆయన్ని కొట్టిచ్చినవ్. గిప్పుడు నన్ను కొట్టినవ్. నేనెవర్ని కొట్టాలె, చెప్పు.”

పొద్దున లేచేసరికి ఆమె సంచి సర్దుకుని బస్సుకు పోయింది. వాళ్లమ్మ ఇంటికి.

ఆ రెండు వారాలు నేను మనిషిలా లేను. జావ కాచడం రాక మాడబెట్టేవాణ్ణి. నా బదులు వేరే లష్కరు వచ్చి షట్టర్లు చూసి పోయేవాడు, నేను అతనికి ముఖం చూపించేవాణ్ణి కాను. పై ఊరి వాళ్లు కింది ఊరి మీద పడడానికి గొడ్డళ్లు నూరుతున్నారని అతనే చెప్పాడు. ఒకరోజు గట్టు మీద పరిచి ఉన్న కాగితాలు చూస్తే ఒళ్లు మండింది. ఇవన్నీ చదివి నేను ఏం మనిషినయ్యాను అనిపించింది. అన్నీ కుప్పేసి తగలబెడదామని అగ్గిపెట్టె తీసుకుని పోయాను.

మోకాళ్ల మీద కూర్చుని, రాళ్లు తీసేస్తూ కాగితాలు ఏరడం మొదలుపెట్టాను. పదో పదకొండో ఏరాక గమనించాను, అవి వరసలో ఉన్నాయి. పేజీ నంబర్లు చూసుకుంటూ, ఏ పుస్తకానికి ఆ పుస్తకం వేరు చేసి, ఒకటి తర్వాత ఒకటి పరిచింది ఆమె. తలకు కట్టు కట్టుకుని, ఆ ఎండలో. నా చేతిలో ఉన్నది వంటల పుస్తకంలోని కాగితం. ఊరికే కళ్లు దాని మీద పడ్డాయి. సకినాలు కరకరలాడాలంటే బియ్యప్పిండి తడిగా ఉండాలి, నువ్వులు వేయించకుండా వెయ్యాలి, గట్టి పళ్లున్న వాళ్లకు ఇష్టంగా ఉంటాయి అని రాసి ఉంది. ముందరి పళ్లు లేవు, ఉన్న పళ్లకు తీగలు, కడుపులో మాడిన జావ. నాకు నవ్వొచ్చింది. నవ్వితే తీగలు లాగి ప్రాణం పోయినంత పనైంది. ఆపుకుంటే ఇంకా వచ్చింది. గట్టు మీద డొక్కలు పట్టుకుని, నోరు తెరవకుండా, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాను. అది మొదట నవ్వే. చివరికి ఏడుపైంది.

అగ్గిపెట్టె జేబులో వేసుకుని కాగితాలన్నీ వరస చెడకుండా ఎత్తి పెట్టాను. మర్నాడు రెండు బస్సులు మారి మా అత్త ఊరికి పోయాను.

నా భార్య వాకిట్లో కూర్చుని పత్తి గింజలు ఏరుతోంది. కనుబొమ్మ మీద కుట్లు. మా అత్త నన్ను చూసి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నేను నోటుబుక్కు తీసి నా భార్య ముందు పెట్టాను. ఆమెకు గొలుసుకట్టు రాత అర్థం కాదని, బడి పిల్లలకు రాసినట్టు ఒక్కో అక్షరం పెద్దగా, విడివిడిగా రాసి తెచ్చాను. ఆమె చేతులు దులుపుకుని పుస్తకం ఒళ్లోకి తీసుకుంది. వేలు పెట్టి పైకే చదివింది.

“నే... ను... చూ... డ... లే... దు.”

ఆగింది. మళ్లీ మొదటి నుంచి, ఈసారి కలిపి చదివింది. “నేను చూడలేదు.”

“ఏం రాసిండే?” అని మా అత్త అడిగింది. నా భార్య కింది వరుసకు వేలు జరిపింది.

“పే... రు... తె... లి... సి... న వాడు ఆ... య... నొక్కడే. అం... దు... కే రా... శాను.”

మూడో వరుసలో, నిన్ను కొట్టినందుకు నా చెయ్యి విరగాల్సింది అని రాశాను. అది లోపల చదువుకుంది, పైకి చదవలేదు. పుస్తకం మూసి నా చేతికి ఇచ్చింది.

“గిది నాకెందుకు చెప్తున్నవ్? ఆయనకు చెప్పాలె.”

ఆ రోజే నాతో బయలుదేరింది. వాళ్లమ్మ వద్దన్నా వినలేదు. కానీ దారి పొడుగునా నా పక్క సీట్లో కూర్చోలేదు.

మామ ఇంటి వాకిట్లో మంచం వేసి ఉంది. రెండు కాళ్లకూ తొడల దాకా పిండికట్టు. మమ్మల్ని చూడగానే మామ భార్య బర్రెలను తోలే కట్టె అందుకుంది. నా దెబ్బ తిన్న భుజం మీదే కొట్టింది. తీగల వెనక నా కేక గొంతులోనే ఉండిపోయింది. రెండోది వీపు మీద, మూడోది మళ్లీ భుజం మీద. నేను కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. నా భార్య కూడా అడ్డం రాలేదు.

“ఇగ ఇడువు,” అన్నాడు మామ మంచం మీద నుంచి.

ఆయనకు చదువు రాదు. నా భార్య నోటుబుక్కు తెరిచి, మంచం పట్టె పక్కన నిలబడి, మళ్లీ ఒక్కో అక్షరం చదివింది. ఒక్క మాట కూడా వదల్లేదు. మామ కళ్లు మూసుకుని విన్నాడు.

“రాడ్డు ఎవని చేతులుండెనో నాకు తెల్సు,” అన్నాడు చివరికి. “పోలీసోళ్లు అడిగిన్రు, చెప్పలే. కాళ్లు ఇరగ్గొట్టేటప్పుడు గూడ అడిగిన్రు. అప్పుడు చెప్తే నా కాళ్లు మిగులుతుండె. వాని కాళ్లు ఇరుగుతుండె. చెప్పలే. నువ్వు తెల్వకుండనే చెప్పినవ్.”

నేను చేతులు జోడించాను.

“గా చేతులు దించు. నా కండ్ల ముందల నిలబడకుండ్రి, పోండ్రి.” తర్వాత నా భార్య వైపు చూసి, “నీ మొకం మీద గదేంది బిడ్డా?” అని అడిగాడు. ఆమె తల వంచుకుంది. నేను ఇప్పటికీ ఆ నిమిషం తలుచుకుంటే మంచం మీద కూర్చోలేను, లేచి బయట తిరుగుతాను.

తర్వాత రెండు ఊళ్ల పెద్దమనుషులు బడి ఆవరణలో కూర్చున్నారు. నా భార్య అందరి ముందూ ఆ కాగితం మూడోసారి చదివింది. కింది ఊరి వాళ్లలో ఒకతను లేచి నా ముఖం మీద ఉమ్మాడు. నా మాట నమ్మి మనిషి కాళ్లు విరగ్గొట్టినవాడు అతను, ఆ ఉమ్మి నాకు చెందాల్సిందే. పై ఊరి వాళ్లు గొడ్డళ్లు తెచ్చి బయట పెట్టారని అందరికీ తెలుసు. మామ మంచం మీద మోయించుకుని వచ్చి, “నా కాళ్ల కోసం ఎవ్వడన్న కట్టె పడ్తె వాడు నాకు సావు కబురు చెప్పినట్టే” అన్నాడు. గొడ్డళ్లు ఇళ్లకు పోయాయి. కేసులు రాజీ అయ్యాయి. నన్ను కొట్టింది ఎవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

దవడ అతికింది గానీ కొంచెం ఎడమకు జరిగే అతికింది. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుని తింటాను. ఒక చెవిలో ఎప్పుడూ ఈల వేసినట్టు ఉంటుంది. తర్వాతి ఏళ్లలో మంచి వానలు పడి కాలువ నిండుగా పారింది, వంతుల గొడవ చాలావరకు తగ్గింది. కోపం మాత్రం నాలోంచి పోలేదు. అది లేచినప్పుడు చేతిలో ఏముంటే అది కింద పెట్టేసి గట్టు మీద నడుస్తాను, ఎంతదాకా నడవాల్సి వస్తే అంతదాకా. అప్పటి నుంచి నా భార్య మీద చెయ్యెత్తలేదు. అది గొప్ప కాదు, ఆ బుద్ధి మొదట్లోనే ఉండాల్సింది.

ఆమె ఆ ఉబ్బిన కాగితాలకు దబ్బనంతో కుట్లు వేసి మళ్లీ పుస్తకాలు చేసింది. అవే చదివి చదివి అక్షరాలు పట్టుకుంది. రోజూ గిన్నెలు తోమాక గడపలో కూర్చుని పైకి చదువుతుంది, నేను చిక్కుడుకాయలు తుంచుతూ వింటాను. వంటల పుస్తకంలో మేం ఎన్నడూ చూడని దినుసుల పేర్లు వస్తే ఇద్దరం ఆగి, అది కాయో ఆకో అని వాదించుకుంటాం. చేపలు పట్టేవాళ్లు వచ్చి కూర్చుని వింటారు. నాట్లేసే ఆడవాళ్లు పింఛను కాగితాలు, ఆధారు కాగితాలు తెచ్చి ఆమెతో చదివించుకుని పోతారు.

మామ కట్టె పట్టుకుని నడుస్తాడు. ఒక కాలు పొట్టిదైంది. వంతు వచ్చినప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపుతాడు, నేను షట్టర్ ఎత్తుతాను. మా గడపలో ఛాయ్ తాగలేదు మళ్లీ. పోయిన వానాకాలం ఒకరోజు మాత్రం పాతదీ కొత్తదీ రెండు భూమి కాగితాలు పట్టుకుని వచ్చాడు. నా వైపు చూడలేదు. నా భార్య చేతికి ఇచ్చి, మాకు వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

“మంచిగ సదువు బిడ్డా. కొత్త కాయితంల నా భూమి తక్కువ రాసిన్రంటున్రు.”

ఆమె గోడకు ఆనుకుని మొదలుపెట్టింది. సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు, హద్దులు. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరాన కాలువ. నేను గది లోపల పొయ్యి ముందు కూర్చుని విన్నాను. ఆమె ఎక్కడా ఆగలేదు, వేలు పెట్టి చదవలేదు. రెండూ చివరిదాకా చదివి, “అంత సరిగ్గనే ఉంది మామా, ఏం ఫికర్ చెయ్యకు,” అంది. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కట్టె ఊతంగా లేచి, పొలం వైపు నడిచాడు.